పరీక్షలో మార్కులు, పలక మీద ఆట

ఖటోదరాకు బదిలీపై వచ్చాక మా ఇంట్లో సాయంత్రాలు చదరంగం పలక చుట్టూనే గడుస్తున్నాయి. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి ఫోనులో రెండు చెస్ ప్రోగ్రాములు పెట్టుకుంది. "నాన్నా, వీటిలో ఏది గట్టిది?" అని అడిగింది. జవాబు వెతుకుతూ నేనూ ఒక పాఠం నేర్చుకున్నాను.

దీనికి పాత పద్ధతి ఒకటుంది. సరైన ఎత్తు ముందే తెలిసిన కొన్ని స్థితులను ప్రోగ్రాముకు ఇచ్చి, ఎన్నింటికి జవాబు చెబుతుందో చూడటం. 1982లో డానీ కోపెక్, ఇవాన్ బ్రాట్కో ప్రచురించిన పరీక్షలో 24 స్థితులున్నాయి. ఒక్కోదానికి 2 నిమిషాలు. సగం ఎత్తులు, పైఎత్తుల లెక్కకు. సగం బంటును నెట్టి ఎదుటి బంట్ల గోడను కదిలించే అవగాహనకు. సరైన ఎత్తు మొదటి ఎంపికైతే ఒక మార్కు, రెండోదైతే అర మార్కు.

అందులో మొదటిది మీరూ పలక మీద పేర్చి చూడండి.

తెల్ల: రాజు సి1, మంత్రి ఇ3, ఏనుగు ఎఫ్7, శకట్లు (అంటే బిషప్‌లు) సి4, ఎఫ్2, బంట్లు ఎ2, బి2, సి2.

నల్ల: రాజు బి8, మంత్రి డి6, ఏనుగు డి8, శకటు డి7, బంట్లు ఎ7, బి7, ఇ5, జి6, హెచ్6.

ఎత్తు నల్లది. జవాబు చివర్లో.

ఈ పరీక్షకు మూడు పరిమితులున్నాయి. ఒకటి, 24 ప్రశ్నల్లో ఒక్కటి అటూ ఇటూ అయితే 4 శాతం మారిపోతుంది. రెండు, ప్రశ్నలు అందరికీ తెలిశాక ప్రోగ్రాము రాసేవారు వాటికి తగ్గట్టే దాన్ని దిద్దుకోవచ్చు. కొలమానాన్నే లక్ష్యంగా పెట్టుకుంటే అది మంచి కొలమానంగా ఉండదన్న సూత్రం, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ సలహాదారుగా పనిచేసిన చార్లెస్ గుడ్‌హార్ట్ పేరుతోనే ప్రచారంలో ఉంది. మార్చి నెలాఖరు టార్గెట్లు చూసిన మనకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

మూడోది అసలైనది. పరీక్ష స్థితి ఇవ్వడమే, "ఇక్కడ ఏదో ఉంది" అని చెవిలో చెప్పడం. శిక్షణలో నోట్ల కట్ట చేతికిచ్చి నకిలీది పట్టుకోమంటే పట్టుకుంటాం. క్యాష్ కౌంటర్‌లో రద్దీ వేళ ఎవరూ గంట కొట్టి చెప్పరు.

అందుకే నేడు స్టాక్‌ఫిష్ వంటి ప్రోగ్రాములో ఏ మార్పు చేసినా, పాత రూపంతో కొత్తదానికి వేల ఆటలు ఆడించి తేలుస్తారు. ఈలో రేటింగులో 100 పాయింట్ల ఆధిక్యం ఉన్నవారికి కూడా 100 ఆటల్లో వచ్చేది సుమారు 64 పాయింట్లే. నాలుగైదు ఆటలతో బలం తేలదు. పరీక్ష స్థితులు మాత్రం ఎక్కడ బలహీనమో చూపడానికి నేటికీ పనికొస్తాయి.

ఇదంతా చదివాక మనసు చివుక్కుమంది. గత నెల టోర్నమెంటులో మా అమ్మాయి వరుసగా మూడు ఆటలు ఓడి వస్తే, "ఇంట్లో పదికి తొమ్మిది పజిల్స్ చేస్తావుగా, అక్కడేమైంది?" అని కసిరాను. నేను కొలిచింది ఒకటి, ఆమె ఆడింది మరొకటి. ఆ మాటే తనతో చెప్పాను. ఇప్పుడు రోజుకు రెండు పజిల్స్, ఒక పూర్తి ఆట. ఆట అయ్యాక ఓడిన చోటుకు వెనక్కి వెళ్లి ఇద్దరం చూసుకుంటాం.

జవాబు: నల్ల మంత్రి డి1కి వెళ్లి రాజుకు షా. రాజు చంపక తప్పదు. శకటు జి4కి, ఏనుగుతో కలిసి జంట షా. రాజు ఎటు జరిగినా ఏనుగు డి1లో ఆట కట్టు!