కూలి మస్టరు నుండి సర్దారు బాధ్యతకు

భద్రాచల యాత్రికులు ఇల్లెందు దాపున పొయ్యికి పేర్చిన నల్లరాళ్లు మండుట చూచి ఆశ్చర్యపడిరని మన ప్రాంతపు పెద్దలు చెప్పుదురు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ అక్కడి బొగ్గును గుర్తించెను. 1889లో త్రవ్వకము మొదలైనది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. నాటి నుండి ఈ అటవీ ప్రాంతపు ఎన్నో ఇండ్లలో పొయ్యి వెలుగుట బొగ్గుబాయి మస్టరుపై ఆధారపడినది. అట్టి ఇంటి విద్యార్థిని తండ్రియో అన్నయో ఒకనాడు ఇట్లు అడుగవచ్చును: "రోజుకూలి విడిచి సర్దారు పరీక్షకు కూర్చుందునా?" చదువుకొన్నవాడు తొందరపడి 'అవును' అనరాదు, 'కాదు' అనియు అనరాదు. విషయమును విడదీసి చూపవలెను.

మొదట జీతము సంగతి. బొగ్గు పరిశ్రమ వేతన ఒప్పందముల ప్రకారము దినవేతన కార్మికులు ఒకటి నుండి ఆరు వరకు కేటగిరీలలో ఉందురు. మైనింగు సర్దారు నెలజీతపు 'సి' గ్రేడువాడు. అతనిపై ఓవర్‌మన్ 'బి' గ్రేడువాడు. మూలవేతనమును మాత్రమే పోల్చి సంతసించుట పొరపాటు. ఓవర్‌టైము, ఆదివారపు ప్లేడే మస్టర్లు కలుపుకొని ఏడాది మొత్తముగా చేతికి వచ్చునదెంత, క్రొత్త గ్రేడులో జీతము ఎక్కడ నిర్ణయింపబడును అను రెండు విషయములను కాగితముపై వ్రాసి చూచుకొనవలెను. అప్పులున్న ఇంటికి ఈ లెక్క మిక్కిలి ముఖ్యము.

రెండవది బాధ్యత. 'సర్దార్' అను పదము ఉర్దూ చదివిన మిత్రులకు క్రొత్త కాదు. 'సర్' అనగా తల. 'దార్' అనగా వహించువాడు. ఇచట తలపై వహింపవలసినది కిరీటము కాదు, పదిమంది ప్రాణములు. 1952 నాటి గనుల చట్టము క్రింద చేసిన నిబంధనలు 1957లో వచ్చి, 2017లో క్రొత్త రూపము దాల్చినవి. వీటి ప్రకారము సర్దారు షిఫ్టుకు ముందే తన డిస్ట్రిక్టును పరీక్షించి, పైకప్పు, గాలి, గ్యాసుల స్థితిని రిపోర్టులో వ్రాయవలెను. మండెడు గ్యాసు నూటికి 1.25 వంతులు మించినచో పని ఆపి మనుష్యులను వెలుపలికి పంపవలెను. బదులుగా మరొకరు రానిదే తన చోటు విడువరాదు. అందుచేతనే ఆ అర్హతపత్రమునకు గనిలో పనిచేసిన అనుభవముతో పాటు ప్రథమచికిత్స, గ్యాసు పరీక్షల సర్టిఫికెట్లు కూడ కావలెను. విధిలో లోపము జరిగినచో ఆ పత్రమే రద్దు కావచ్చును.

ఇది కేవలము కాగితపు మాట కాదు. 2003 జూన్‌లో గోదావరిఖని గనిలో నీరు చొచ్చుకొని వచ్చి పదునేడుగురు మరణించిరి. గనిలో హెచ్చరిక ఎంత విలువైనదో ఆ కుటుంబములకు తెలియును.

మూడవది, అన్నింటికంటె కఠినమైనది, స్నేహము. నిన్నటి వరకు ఒకే టిఫిను డబ్బా విప్పి పంచుకొన్నవాడు నేడు కప్పుక్రింద ఆసరా దిమ్మె పెట్టకుండ పనికి దిగును. "అన్నా, నీవు కూడ మాలోనివాడవే గదా, చూచీ చూడనట్లుండు" అనును. అదే గంటలో పైఅధికారి "ఉత్పత్తి ఆగరాదు" అనును. ఇరువురికిని ఒకే స్వరముతో "ఆపుడు" అనగలవాడే సర్దారు. ఆ మాట అనలేనివాడు చెడ్డవాడు కాదు; అతనికి ఆ పదవి తగదు, అంతే. నైపుణ్యము గల దినవేతన కార్మికునిగా నిలుచుట ఏ విధముగను చిన్నతనము కాదు.

కావున ఇంటివారు అడిగినపుడు మీరు మూడు ప్రశ్నలు తిరిగి అడుగుడు. ఏడాది ఆదాయము లెక్క వేసితివా? నిబంధనలు చదివితివా, లేక నేను చదివి వినిపింపవలెనా? ప్రియమిత్రునికి ఎదురుగా, రిపోర్టులో నిజము వ్రాయగలవా? మొదటి రెండింటికి మన చదువు తోడ్పడును. మూడవదానికి ఉత్తరము ఆయనయే చెప్పవలెను. దానికి 'వ్రాయగలను' అని నిదానముగా అన్నచో, ఆ రాత్రి నుండియే దీపము వెలిగించి ఆయనతో కూర్చొని పాఠము ప్రారంభింపుడు.