వెనక గదికి వైఫై అందడం లేదా?
ఏపీ ఫైబర్‌నెట్ కనెక్షన్ ఉన్న గరికపాడు చందాదారులకు సూచన. ముందు బాక్సు పక్కనే నిలబడి ఫోన్‌లో స్పీడ్ చూడండి. అక్కడా తక్కువుంటే మీ కేబుల్ ఆపరేటర్‌కు చెప్పండి. అక్కడ బాగుండి వెనక గదిలో పడిపోతే అడ్డం గోడలే. కొత్త వైరు లాగక్కర్లేదు.

1. బాక్సును టీవీ వెనక, ఇనప బీరువా పక్కన ఉంచొద్దు. ఫైబర్ తీగ అందినంత మేర ఇంటి మధ్యకు జరిపి, ఎత్తులో పెట్టండి. తీగను మడవొద్దు.
2. బాక్సులో రెండు బ్యాండ్లుంటే దూరపు గదికి 2.4 గిగాహెర్ట్జ్, దగ్గరకు 5 గిగాహెర్ట్జ్ వాడండి. మొదటిది గోడలు బాగా దాటుతుంది, రెండోది వేగం.
3. అప్పటికీ అందకపోతేనే రిపీటర్ కొనండి. సగం దూరంలో, సిగ్నల్ బాగున్నచోట పెట్టాలి. సిగ్నల్ లేని గదిలో పెడితే దండగ.

పిల్లల ఆన్‌లైన్ పాఠం ఆగిపోతోందని ఎక్కువ రేటు ప్లాన్‌కు మారేముందు, బాక్సు చోటు మార్చి చూడండి.