జీరోయింగ్: కొలతలో దిద్దుబాటు, వాణిజ్యంలో వివాదం

ఏమీ కొలవనప్పుడు పరికరం సున్నా చూపాలి. చూపకపోతే సున్నాకు సరిచేయడమే కొలతల్లో జీరోయింగ్. స్క్రూగేజి వంటి వాటిలో శూన్యాంశ దోషాన్ని గుర్తుతో సహా రీడింగు నుంచి తీసేస్తాం.

స్వదేశీ ధర కంటే తక్కువకు ఎగుమతి చేయడం డంపింగ్. దాన్ని అడ్డుకునే యాంటీ డంపింగ్ లెక్కల్లో జరిగేది కొలతల్లోని ఈ దిద్దుబాటుకు పూర్తిగా విరుద్ధం. రెండు రకాల సరుకు స్వదేశీ ధర ఒక్కోదానికి రూ.100 అనుకుందాం. ఎగుమతిలో ఒకటి రూ.90కి, మరొకటి రూ.110కి అమ్మితే తేడాలు +10, -10. కలిపితే డంపింగే లేదు. జీరోయింగ్‌లో ఆ -10ని సున్నాగా రాసుకుంటారు. అంతే, రూ.200 ఎగుమతి విలువపై రూ.10, అంటే 5 శాతం డంపింగ్ మార్జిన్ పుట్టుకొస్తుంది. ఎగుమతిదారుకు ఇది పచ్చి అన్యాయం.

భారత్ నుంచి వెళ్లిన నూలు దుప్పట్లు, పడక వస్త్రాలపై యూరోపియన్ కమ్యూనిటీ ఇలాగే లెక్కగట్టింది. భారత్ ఫిర్యాదుపై 2001 మార్చిలో డబ్ల్యూటీఓ అప్పిలేట్ బాడీ, ఇది యాంటీ డంపింగ్ ఒప్పందంలోని 2.4.2 నిబంధనకు విరుద్ధమని తేల్చింది. తర్వాత అమెరికా కూడా ఈ పద్ధతిపై పలు కేసుల్లో ఓడింది.

మన దేశంలో డంపింగ్‌పై విచారణ జరిపి సిఫారసు చేసేది వాణిజ్య శాఖలోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రేడ్ రెమెడీస్ (డీజీటీఆర్). యాంటీ డంపింగ్ సుంకం విధించేది ఆర్థిక శాఖ.