స్థానిక చరిత్రోపన్యాసములలో ఐతిహ్యము: రాజరాజనరేంద్రుని విషయము

రాజరాజనరేంద్రుని పట్టాభిషేకమునకు తొమ్మిదివందల సంవత్సరములు నిండిన సందర్భమున 1922లో రాజమహేంద్రవరమున ఉత్సవము జరిగినది. ఆంధ్రేతిహాస పరిశోధక మండలి వెలసినదియు ఆ సంవత్సరముననే. పట్టాభిషేక సంచిక ఆ ఉత్సవమునకు నిలిచిన గుర్తు. భావరాజు వేంకటకృష్ణారావుగారు మొదలగు వారి కృషిచే 1926 నుండి మండలి ఆంగ్లభాషలో త్రైమాసిక పత్రికను నడపినది. తరువాత కళింగ, కాకతీయ, రెడ్డి సంచికలు క్రమముగా వెలువడినవి. ఆంధ్ర విశ్వవిద్యాలయము ఏర్పడినది 1926లో. అనగా విశ్వవిద్యాలయమునకు ముందే ఒక పట్టణము తన చరిత్రను తానే విచారించుటకు పూనుకొన్నదన్నమాట.

ఇట్టి సంస్థలు పౌరులకొరకు ఏర్పాటు చేయు ఉపన్యాసములకు ఒక చిక్కు కలదు. పత్రికను చదువువాడు విషయము తెలియగోరి చదువును. సభకు వచ్చువాడు విషయము తనకు ముందే తెలిసియున్నదను భావముతో వచ్చును. రాజమహేంద్రవరమున ఆ తెలిసియున్న చరిత్ర పేరు సారంగధరుడు. సవతితల్లి చిత్రాంగి వలపును నిరాకరించినందున తండ్రి ఆజ్ఞచే కాలుసేతులు కోల్పోయిన రాజకుమారుని కథ ధర్మవరము కృష్ణమాచార్యులవారి 'విషాద సారంగధర' నాటకము వలనను, 1957 నాటి చలనచిత్రము వలనను ఇంటింట తెలిసినది. చిత్రాంగికి కలిగిన శ్రోతృగణము తామ్రశాసనములకు ఎన్నడును కలుగలేదు. ఊరిలో సారంగధర మెట్ట ఉండనే యున్నది. వక్త ఆ కథను యథాతథముగా చెప్పినచో చరిత్ర పోవును. ఒక్కమాటతో కొట్టివేసినచో సభ పోవును.

ఈ చిక్కునకు నాకు తోచిన మార్గము, నిర్ణయమునకు ముందు ఆధారమును సభ యెదుట విప్పుట. మొదట తిథినే గ్రహింతము. కోరుమెల్లి శాసనము పట్టాభిషేక సంవత్సరమును వేదములు, సముద్రములు, నిధులు అను అర్థముగల పదములతో సూచించును. వేదములు 4, సముద్రములు 4, నిధులు 9. అంకెలను కుడినుండి ఎడమకు పేర్చినచో శకవర్షము 944. దానికి 78 కూడినచో క్రీ.శ. 1022. సూర్యుడు సింహరాశియందుండగా బహుళ విదియ, ఉత్తరాభాద్ర, గురువారము అనియు శాసనము చెప్పును. ఇది 1022 ఆగస్టు 16తో సరిపోవును, ఆనాడు గురువారమే. నన్నయభట్టు రచించిన నందంపూడి శాసనము రాజరాజు 32వ పాలనావర్షమునకు చెందినది. కావున అది 1053 ఆగస్టునకును 1054 ఆగస్టునకును నడుమ పడవలెను. ఆ దానము చంద్రగ్రహణ సమయమున నారాయణభట్టునకు ఇచ్చినది. 1053 నవంబరులో చంద్రగ్రహణము కలదు. ఈ లెక్కను నల్లబల్లపై వేసి చూపిన వక్తను శ్రోత మరి తన పాండిత్యముతో భయపెట్టువానిగా చూడడు. తానును లెక్కించి సరిచూచుకొనును.

ఇట్లు నమ్మకము కుదిరిన పిమ్మట సారంగధరుని ప్రసంగము తేవచ్చును. వేంగీ చాళుక్యుల శాసనములు వంశక్రమమును చెప్పుటలో పిసినితనము చూపునవి కావు. చెల్లూరు శాసనము రాజరాజు 41 ఏండ్లు పాలించెననియు, రాజేంద్రచోళుని కూతురు అమ్మంగదేవిని వివాహమాడెననియు చెప్పి, వారి కుమారుడగు రాజేంద్రుని, అనగా 1070లో చోళ సింహాసనమెక్కిన కులోత్తుంగుని, పేర్కొనును. సారంగధరుని ప్రసక్తి అందులేదు.

మరి కథ ఎక్కడిది? పదునైదవ శతాబ్దికి చెందిన గౌరన 'నవనాథ చరిత్ర'లో ఈ కథ కలదు. అక్కడ రంగము గోదావరీతీరము కాదు, మాళవదేశము. రాజు పేరు రాజమహేంద్రుడు. అంగహీనుడైన కుమారుడు నాథగురువు అనుగ్రహముచే స్వస్థుడై చౌరంగి యనుపేర సిద్ధుడగును. పంజాబున పూరన్ భగత్ కథయు ఇట్టిదే. అతనిని చౌరంగీనాథునిగనే అక్కడివారు తలంతురు. అశోకుని కుమారుడు కుణాలుడు సవతితల్లి తిష్యరక్షిత వలన కన్నులు కోల్పోయిన బౌద్ధకథయు ఈ కుటుంబమునకు చెందినదే. రాజమహేంద్రుడను పేరు రాజమహేంద్రవరమును తలపించుటచే కథ ఇటు వలసవచ్చెనను పండితుల ఊహ సమంజసముగ నున్నది. చేమకూర వేంకటకవి 'సారంగధర చరిత్రము' నాటికి ఈ నగరమే కథారంగమైనది. 1656 ప్రాంతమున అప్పకవి మరియొక మెట్టెక్కి, సారంగధరుని నన్నయ వ్యాకరణమును కంఠస్థము చేసి కాపాడినవానిగా చెప్పెను. ఐతిహ్యము వ్యాకరణ చరిత్రలోనికి ప్రవేశించినది ఈ ద్వారముననే. కనుక ప్రాచ్య కళాశాలలలో 'ఆంధ్రశబ్దచింతామణి' కర్తృత్వమును బోధించువారికి ఈ విచారము దూరపుసంగతి కాదు.

ఇట్లు చెప్పినప్పుడు సభకు కథ పోయినదను నష్టభావము కలుగదు. తమ ఊరి కథకు మాళవమునను పంజాబునను బంధువులున్నారని తెలియుట శ్రోతలకు లాభమేగాని నష్టము కాదు.

రాజరాజుని నిజజీవితమున కరుణరసమునకు కొరతయు లేదు. సవతితమ్ముడు విజయాదిత్యునితో సింహాసనమునకై దీర్ఘకాలము పోరు సాగినది; పాములవాక శాసనము ప్రకారము 1030-31 ప్రాంతమున విజయాదిత్యుడు పట్టాభిషిక్తుడయ్యెను. కర్ణాట సైన్యముతో కలిదిండికడ జరిగిన యుద్ధమున చోళచక్రవర్తి పంపిన సేనానులు మువ్వురు కూలిరి. వారి పేర రాజరాజు శివాలయములు నిర్మించి దానములిచ్చినట్లు కలిదిండి శాసనము తెలుపుచున్నది. పరదేశమునుండి తనకొరకు వచ్చి మడిసిన ముగ్గురిని రాజు మరువకుండుట నాటకమునకు ఎక్కదగిన ఘట్టము. దీనిని ఏ నాటకకర్తయు ఏల చేపట్టలేదో అని నేను పలుమారు అనుకొంటిని.

వక్త ఒక హద్దును మాత్రము దాటరాదు. శాసనములు మౌనము వహించుట వలన అట్టి కుమారుడు లేనేలేడని తేలదు. దానశాసనము కుటుంబపు జాబితా కాదు. సమకాలికాధారము లేదు, కథకు మునుపటి రంగము వేరొకటి కలదు అన్నంతవరకే మాట నిలువవలెను. అంతకు మించి నొక్కి చెప్పినచో, ఐతిహ్యమును నమ్మువాడు చేసిన పొరపాటునే మనమును చేసినవారమగుదుము.

ఉపన్యాసమును అచ్చునకు ఎక్కించుట మరియొక పని. 1922 నాటి సభలో ఎవరెట్లు పలికిరో వినినవారు నేడు లేరు, సంచిక ఉన్నది. అచ్చులో ఆధారముల పేర్లతోపాటు సభలో వచ్చిన ప్రశ్నలను కూడ చేర్చుట మేలు. ఏలయన స్థానికుల ప్రశ్నలలో పరిశోధకునకు తెలియని పొలముల పేర్లు, దిబ్బల పేర్లు దొరలును. "కథ మాళవముదైనచో మా మెట్టకు ఆ పేరెట్లు వచ్చినది?" అను ప్రశ్న తప్పక వచ్చును. దానికి సభలో ఉత్తరము చెప్పజాలము. కైఫీయతులను, పాత దేశపటములను, రెవిన్యూ దాఖలాలను వెదకి, మెట్టకు ఆ పేరు మొదట ఏ పత్రమున కానవచ్చుచున్నదో చూడవలెను. తరువాతి ఉపన్యాసమునకు ఆ ప్రశ్ననే విషయముగ ఏర్పరుపవచ్చును.