ఆరు చుక్కల పాఠం

మన క్లబ్ తరఫున శనివారాలు దగ్గరి హైస్కూల్లో పాఠాలు చెప్పడానికి వెళ్లేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పిల్లల కోసం రాసిన మహనీయుల జీవిత కథలు ఏ స్కూల్ లైబ్రరీలోనైనా దొరుకుతాయి. మామూలుగా ఏం చేస్తాం? చదివి వినిపించి, చివర్లో "కష్టపడితే సాధించలేనిది లేదు" అంటాం. చప్పట్లు కొడతారు, బెల్లు మోగుతుంది. ఆరో తరగతిలో లూయీ బ్రెయిలీ కథని నేను ఇంకోలా చెప్తున్నాను.

బ్రెయిలీ 1809లో ప్యారిస్ దగ్గర కూవ్రే అనే ఊళ్లో పుట్టాడు. నాన్న గుర్రపు జీనులు కుట్టేవాడు. మూడేళ్లప్పుడు, తోలుకి చిల్లులు పెట్టే పనిముట్టు కంట్లో గుచ్చుకుంది. ఇన్ఫెక్షన్ రెండో కంటికీ పాకి చూపు మొత్తం పోయింది. 1819లో, పదేళ్లకి, ప్యారిస్‌లో అంధుల బడిలో చేరాడు.

ఇక్కడ పుస్తకం మూసేస్తాను. పిల్లలు "అయ్యో పాపం" అనేది ఇక్కడే. ఆ మాట దగ్గరే ఆగిపోతే, రేపు చూపు లేని క్లాస్‌మేట్ పక్కన కూర్చున్నా జాలి తప్ప ఇంకేం తోచదు. అందుకే వెంటనే బ్రెయిలీ ముందున్న సమస్యని వాళ్ల చేతికిస్తాను.

బార్బియే అనే ఆయన అప్పటికే పన్నెండు చుక్కల లిపి తయారుచేశాడు. రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్‌తో అట్టని వెనకనుంచి నొక్కితే చుక్కలు పైకి తేలతాయి. కళ్లు మూసుకుని తడమమంటాను. పన్నెండు చుక్కలు వేలికొస కింద పట్టవు, వేలు జరపాల్సిందే. ఆరు పడతాయి. బ్రెయిలీ పదిహేనేళ్లకే కనిపెట్టింది ఇదే.

తర్వాత లెక్కలు. ఒక్కో చుక్క ఉండొచ్చు, లేకపోవచ్చు. రెండుని ఆరుసార్లు గుణిస్తే 64. ఖాళీ గడి తీసేస్తే 63. మన బైనరీ పాఠం ఇదే కదా! ఒకమ్మాయి అడిగింది: "అన్నా, మన గుణింతాలన్నిటికీ 63 ఎలా సరిపోతాయి?" భారతి బ్రెయిలీలో 'కి' రాయాలంటే 'క' గుర్తు వేసి, పక్కన 'ఇ' గుర్తు వేస్తారు. ఇది చెప్పగానే అందరూ తమ పేర్లు విడగొట్టడం మొదలుపెట్టారు.

చివరికి మళ్లీ పుస్తకం తెరుస్తాను. 1829లో బ్రెయిలీ తన పద్ధతిని ప్రచురించాడు. 1852లో చనిపోయాడు. అతని బడి ఆ లిపిని అధికారికంగా ఒప్పుకున్నది 1854లో. "మరి గెలిచాడా?" అని అడిగాను. "పోయాక గెలిస్తే ఆయనకేం తెలుస్తుంది?" అన్నాడు ఒకడు. "చదువుకునేవాళ్లకి తెలుస్తుందిగా" అంది ఇంకో అమ్మాయి. తీర్పు నేను చెప్పలేదు. రోజూ కూలికెళ్లే అమ్మానాన్నల్ని చూస్తున్న పిల్లలకి, కష్టపడితే చాలు అని తేలిగ్గా చెప్పేయలేం.

మీరు ఏ కథ తీసుకున్నా మూడు పనులు చేయండి. సమస్య దగ్గర ఆపండి. దాన్ని పిల్లల చేత చేయించండి. ముగింపుని తేదీలతో సహా ఉన్నదున్నట్టు చెప్పండి. ఎక్కడ ఆపాలో మాత్రం ముందురోజే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.