ఇంటికి, మగ్గాల షెడ్డుకు నడుమ భూమిలో నెట్‌వర్కు తీగ

షోలాపురములోని మన వృత్తి సోదరులలో కొందరికి ఇల్లు వీధివైపునను, మరమగ్గాల షెడ్డు పెరటిలోను ఉండును. జాకార్డుకు పంపవలసిన డిజైను ఇంటిలోని కంప్యూటరులో సిద్ధమగును. ఇనుపరేకుల షెడ్డులోనికి వైఫై సరిగా దూరదు. కాబట్టి తీగ వేయవలసి వచ్చును. అది రాగిదా, గాజుదా అనునదే ఇక్కడ ముఖ్యముగా విచారించుచున్నాము.

రాగి తీగలో ఎనిమిది పోగులు, నాలుగు జంటలు. ప్రతి జంటకు పురి వేరు. నూలుకు మనము బలము కొరకు పురి పెట్టుదుము. ఇక్కడ పురి పెట్టుట, మోటార్ల నుండి వచ్చు అలజడి జంటలోని రెండు పోగులపైనను సమముగా పడి రద్దగుటకు. అందుచేత కొస బిగించునపుడు అర అంగుళమునకు మించి పురి విప్పరాదు. రెండు కొసలయందును రంగుల వరుస ఒకటే కావలెను. పన్నెలో పోగు తప్పిన గుడ్డ ఎట్లుండునో మనకు వేరుగా చెప్పనక్కరలేదు. రాగికి హద్దు 100 మీటర్లు. రాగిపూత పూసిన అల్యూమినియము తీగ చవుకగా దొరకును, దానిని కొనవద్దు.

అయితే రాగికి పెద్ద దోషమొకటి కలదు. ఇంటికొక ఎర్తు, షెడ్డుకు వేరొక ఎర్తు ఉన్నచోట, సమీపమున పిడుగు పడినపుడు ఆ రెంటి నడుమ క్షణకాలము వేల వోల్టుల తేడా ఏర్పడవచ్చును. రాగి తీగ ఆ రెంటికిని వంతెన యగును. తీగ భూమిలో ఉన్నది గదా, పిడుగు ఏమి చేయునని కొందరందురు. పిడుగు తీగపైననే పడనక్కరలేదు. ఇంటిలో రౌటరు, షెడ్డులో జాకార్డు కంట్రోలు బోర్డు రెండును కాలిపోవచ్చును. కొత్త బోర్డు వచ్చువరకు మగ్గము ఆగును, కూలియు ఆగును.

గాజు పోగు, అనగా ఆప్టికల్ ఫైబరు, వెలుగును మోయును గాని విద్యుత్తును మోయదు. కాన షెడ్డు 20 మీటర్ల దూరముననే ఉన్నను మేము ఫైబరునే చెప్పుదుము. కరెంటు లైను వెంట వచ్చు దెబ్బకు సర్జి రక్షణ వేరుగా ఉండవలెను. రెండు కొసలయందును మీడియా కన్వర్టరు ఒక్కొక్కటి పెట్టవలెను. ఒకే పోగుతో పనిచేయు రకమైనచో ఆ రెండును ఒకదానికొకటి జతగా చేసినవి కావలెను. తీగ ఉక్కు కవచము లేనిది అడుగుడు. ఉక్కు ఉన్నచో రాగి దోషమే తిరిగి వచ్చును. పనిచేయుచున్న కొసలోనికి చూడరాదు. ఆ వెలుగు కంటికి కనబడదు గాని హాని చేయవచ్చును.

ఇక కందకము. ఆ ప్రాంతపు నల్లరేగడి వేసవిలో బీటలువారును, వానకు ఉబ్బును. అతుకుల గొట్టము ఆ లాగుడుకు విడిపోవచ్చును. అతుకు లేని హెచ్‌.డి.పి.ఇ. గొట్టమును రెండడుగుల లోతున ఇసుక పరచి వేయుడు. మలుపులు గుండ్రముగా ఉండవలెను. కరెంటు తీగకు కనీసము ఒక అడుగు ఎడము ఉంచుడు. ఒకే గొట్టములో ఎన్నడును వద్దు. గొట్టములో ఎట్లయినను తేమ చేరును, కాబట్టి భూగర్భ వాడుకకు చేసిన తీగయే కావలెను. ఎలుకలు దూరకుండ గొట్టపు కొసలు మూయుడు. లోపల నైలాను త్రాడొకటి విడిచినచో, ముందు ముందు మరొక తీగను త్రవ్వకుండనే లాగుకొనవచ్చును.

పూడ్చకముందే రెండు కొసలు బిగించి పరీక్షింపుడు. గొట్టము ఏ గోడకు ఎన్ని అడుగుల దూరమున పోయినదో కాగితముపై గీసి, మీటరు పెట్టె దగ్గర ఉంచుడు. పెరటిలో బోరు వేయ వచ్చినవాడు మొదట అడుగునది అదే.