పదిహేడేళ్లు జబ్బు కోసం ఆగవు

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. ఎప్లాస్టిక్ అనీమియాకి ఎముక మజ్జ మార్పిడి జరిగి ఐదు నెలలైంది. బయటికి పంపడం లేదు, ఎవరినీ ఇంటికి రానివ్వడం లేదు. నికోలా యూన్ రాసిన ‘ఎవ్రీథింగ్, ఎవ్రీథింగ్’ నవలని వదలకుండా చదువుతోంది. ఇంటర్‌లో తనతో చదివిన అబ్బాయితో రాత్రి పొద్దుపోయేదాకా వీడియో కాల్స్. ఆ పుస్తకం నేనూ చదివాను. కూతురికి లేని జబ్బు అంటగట్టి ఇంట్లో ఉంచేసిన తల్లి కథ అది. నన్నూ అలాగే అనుకుంటోందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. పుస్తకం దాచెయ్యనా? ఫోన్ తీసేసుకోనా?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: రెండూ వద్దమ్మా. ఆ నవలలో తల్లి భర్తనీ కొడుకునీ ప్రమాదంలో పోగొట్టుకుంది. ఆ దెబ్బకి మనసు చెదిరి, మిగిలిన ఒక్క పిల్ల మ్యాడీకి తీవ్రమైన రోగనిరోధక లోపం ఉందని తనే నమ్మేసింది. మీ అమ్మాయి జబ్బు అలాంటిది కాదు. ఆ వార్డులో పడుకున్నది తనే, ఆ రిపోర్టులు చూసిందీ తనే. మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తి తేరుకోవడానికి చాలామందికి ఏడాది, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది. ఐదో నెలలో మీ జాగ్రత్త న్యాయమైనదే.

మీ అమ్మాయిని ఆ పుస్తకంలో పట్టి ఉంచింది తల్లి కాకపోవచ్చు, పక్కింట్లో దిగిన ఆలీ కావచ్చు. కిటికీలోంచి చూసి, చాటింగ్‌లో పరిచయమై, మ్యాడీని పేషెంటులా కాకుండా ఈడు పిల్లలా పలకరించే కుర్రాడు. పొద్దున లేచింది మొదలు మీ అమ్మాయి వినే మాటలు ఏమిటో గుర్తు తెచ్చుకోండి. జ్వరం చూసుకున్నావా, మాత్ర వేసుకున్నావా, కౌంట్ ఎంతొచ్చింది... కొత్త సినిమా గురించీ కాలేజీ గొడవల గురించీ చెప్పేవాడు బహుశా ఆ అబ్బాయి ఒక్కడే.

నవల మీద నాకూ ఒక కోపం ఉంది. చివర్లో జబ్బే లేదని తేల్చి ప్రేమకి దారి తెరిచింది. నిజంగా జబ్బున్న పిల్లలు అది చదివి ఏమనుకోవాలి? ఒళ్లు బాగైతేనే ప్రేమకి అర్హత అనా? మన ‘గీతాంజలి’ (1989)లో మణిరత్నం ఇద్దరి జబ్బులనీ అలాగే ఉంచి ప్రేమని నిలబెట్టాడు. మ్యాడీకి ఉందన్న ఆ లోపంతో నిజంగా పుట్టే పిల్లలున్నారు. వాళ్లలో చాలామందికి ఇప్పుడు పసితనంలోనే మజ్జ మార్పిడి చేస్తున్నారు, అంటే మీ అమ్మాయికి చేసిన చికిత్సే. ఈ సంగతి ఆమెతో మాట్లాడండి. పుస్తకం దాస్తే ఆ మాటకి అవకాశమే ఉండదు.

ఆ కథలో కార్లా అనే నర్సు ఉంది. తల్లికి తెలియకుండా ఆలీని ఇంట్లోకి రానిస్తుంది. చాటుగా చెయ్యడం తప్పే. కానీ దూరంగా కూర్చోవాలి, ముట్టుకోకూడదు అని షరతులు పెట్టి మరీ రానిస్తుంది. మీరు ఆ పని బాహాటంగా చెయ్యండి. ఈసారి చెకప్‌లో డాక్టర్ని అమ్మాయినే అడగనివ్వండి: నా ఫ్రెండ్ ఎప్పుడు రావచ్చు, మాస్కు పెట్టుకుని డాబా మీద కూర్చోవచ్చా అని. ‘ఇంకో మూడు నెలలు ఆగు’ అన్నా అది వైద్యం అవుతుంది, అమ్మ పెట్టిన అడ్డు కాదు. అబ్బాయిని మీరూ ఒకసారి కాల్‌లో పలకరించండి. రాత్రి పదిన్నరకి ఫోన్ ఆపమనండి, నిద్ర తనకి మందులాంటిది. ఏం మాట్లాడుకున్నారో మాత్రం ఆరా తీయకండి.

ప్రశ్న: నాకు 18. మజ్జ మార్పిడి జరిగిన నా స్నేహితురాలు ఇన్నాళ్లకి ఇంటికి రమ్మంది. మల్లెపూలు తీసుకెళ్దామనుకుంటున్నాను. ఏం మాట్లాడాలో తెలియడం లేదు.
– వరంగల్

జవాబు: పూలు వద్దు నాన్నా. తాజా పూలతో బూజు, బ్యాక్టీరియా వస్తాయి. నీకేం కాదు, తనకి ప్రమాదం. ఏం తేవచ్చో వాళ్ల అమ్మగారిని అడుగు. ఫ్లూ టీకా వేయించుకో. ఆ రోజు గొంతు కాస్త గరగరలాడినా ప్రయాణం మానుకో, తను ఎంత ఎదురుచూస్తున్నా సరే. స్టెరాయిడ్లకి మొహం ఉబ్బి ఉండొచ్చు, జుట్టు పొట్టిగా ఉండొచ్చు. ‘గుర్తుపట్టలేకపోయాను’ అనకు. జబ్బుకి ముందు మీరిద్దరూ దేని గురించి గంటలకొద్దీ వాదించుకునేవాళ్లో అక్కడి నుంచి ఎత్తుకో. జబ్బు మాట తనే తెస్తే విను. అరగంటకే అలసిపోవచ్చు, వెళ్లిపొమ్మని తను అనలేదు కాబట్టి నువ్వే లే. మళ్లీ ఎప్పుడు రావాలో అడిగి మరీ లే.